నీటిలో పడిన మనిషి జాడను బీకన్ ఎలా పట్టిస్తుంది?

ప్రశ్న: మా తమ్ముడు ఏటా ఎచ్చెర్ల మండలం నుంచి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి మరబోటులో కళాసీగా పనిచేస్తాడు. బోటులో ఆపదలో కబురు పంపే డాట్ పరికరం ఉందట. రాత్రిపూట ఎవరైనా నీటిలో పడితే అది చాలుతుందా? ఒంటికి కట్టుకునే బీకన్ వేరే ఉంటుందంటున్నారు, దానివల్ల మేలెంత?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: డాట్ బోటు కోసం, మీరు విన్న బీకన్ మనిషి కోసం. ఇస్రో రూపొందించిన డాట్‌తో బోటు మునుగుతోందనీ, మనిషి నీటిలో పడ్డాడనీ కబురు పంపవచ్చు గానీ, పడినవాణ్ణి తోటివాళ్లు గమనించి మీట నొక్కాలి. అందరూ నిద్రలో ఉండగా కాలకృత్యాలకని బోటు అంచుకు వెళ్లి జారినవాడి సంగతి తెల్లవారేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు.

పీఎల్‌బీ అనే వ్యక్తిగత బీకన్ అరచేతిలో ఇముడుతుంది. యాంటెన్నా విప్పి మీట నొక్కగానే 406 మెగాహెర్ట్జ్‌పై తన గుర్తింపు సంఖ్యను, జీపీఎస్ ఉన్న రకమైతే తానున్న చోటును కూడా, ఉపగ్రహాలకు పంపుతుంది. కెనడా, ఫ్రాన్స్, అమెరికా, సోవియట్ యూనియన్ 1979లో చేతులు కలిపి నెలకొల్పిన కాస్పాస్-సార్సాట్ వ్యవస్థ దాన్ని అందుకుంటుంది. మన దేశంలో ఆ సమాచారం బెంగళూరులోని ఇస్రో కేంద్రం మీదుగా కోస్ట్‌గార్డ్‌కు, వేరావల్ వైపైతే ముంబయికి, మన భావనపాడు, కళింగపట్నం వైపైతే చెన్నైకి చేరుతుంది. బీకన్ 121.5 మెగాహెర్ట్జ్‌లో విడిచే మరో సంకేతాన్ని పట్టుకొని, దగ్గరకు వచ్చిన హెలికాప్టర్ అలల నడుమ తల మాత్రమే కనబడే మనిషిని వెతికి చేరుకుంటుంది. బ్యాటరీ కనీసం 24 గంటలు పనిచేయాలి.

అయితే చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఈ పిలుపు బెంగళూరు దాకా వెళ్తుంది గానీ, కళ్లెదుటే దూరమైపోతున్న సొంత బోటుకు వినబడదు. తీరం నుంచి సాయం రావడానికి గంటలు పట్టవచ్చు కనుక, అందరికంటే ముందు చేరగలిగేది ఆ బోటే. చుట్టుపక్కల కొన్ని మైళ్లలోని నౌకలకు నేరుగా కబురందించే ఏఐఎస్ పరికరాలు అందుకే వచ్చాయి, కొత్త బీకన్లు కొన్నింటిలో రెండూ కలిసే ఉంటున్నాయి. కాకపోతే బోటులో ఏఐఎస్ రిసీవర్ ఉండాలి. కొనే ముందు ఆ మాట బోటు నడిపే సరంగును అడగమనండి.

పీఎల్‌బీ సాధారణంగా తనంతట తాను మోగదు. చేత్తో నొక్కి, యాంటెన్నా నీటికి పైన ఆకాశం వైపు ఉండేలా పట్టుకోవాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఈదుతున్నవాడికి అది అయ్యే పని కాదు. జాకెట్ వేసుకుంటే వల లాగడం కుదరదని మనవాళ్లు పక్కన పడేస్తారు, నన్నడిగితే మొదటి ఖర్చు పనికి అడ్డురాని పలుచటి జాకెట్‌కే పెట్టాలి.

బీకన్ కొంటే, దాని గుర్తింపు సంఖ్యలో భారత్ కోడ్ ఉన్నదే తీసుకొని బెంగళూరు కేంద్రంలో నమోదు చేయించండి. సంకేతం అందినప్పుడు అధికారులు అక్కడ రాసివున్న నంబరుకు ఫోన్ చేసి వాకబు చేస్తారు. ఆ నంబరు మీదైతే, తమ్ముడు ఎక్కిన బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, వేటకు బయలుదేరిన తేదీ ప్రతిసారీ అడిగి ఇంట్లో రాసిపెట్టుకోండి.