సాంచీ శిల్పాల్లో బుద్ధుడు ఎందుకు కనిపించడు?

మధ్యప్రదేశ్‌లోని సాంచీ స్తూపం తోరణాలు (రాతి ద్వారాలు) చెక్కిన క్రీ.పూ. 1వ శతాబ్దం ప్రాంతంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపే అలవాటు ఇంకా రాలేదు. పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం, ఖాళీ ఆసనమే ఆయనకు గుర్తులు.

నిర్వాణం పొందినవాణ్ణి మళ్లీ శరీరంతో చూపడం తగదని నాటి బౌద్ధులు అనుకున్నారన్నది ఎక్కువమంది చెప్పే కారణం. పైగా అప్పట్లో జనం పూజించింది స్తూపాన్ని, బోధివృక్షాన్నే. చాలా శిల్పాలు ఆ పూజనే చూపిస్తాయి.

తూర్పు తోరణం నడిమి దూలం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లే ఘట్టం చూడండి. కంథకం అనే గుర్రం వరసగా ముందుకు సాగుతుంది, పైన గొడుగు పట్టి ఉంటుంది, వీపు మీద మాత్రం ఎవరూ ఉండరు! చివర్లో గొడుగు కింద రెండు పాదముద్రలు, వాటి ముందు మోకరిల్లిన సారథి ఛన్నుడు. ఎంత గొప్ప ఊహ!

శిల్పులకు మనిషి బొమ్మ చెక్కడం చేతకాలేదనుకోవడం పొరపాటు. చెట్టుకొమ్మ పట్టుకుని నిలిచిన అందమైన యక్షి (ప్రకృతి దేవత) అదే తోరణానికి ఉంది. తర్వాత మథుర, గాంధారల్లో బుద్ధ విగ్రహాలు వచ్చాయి. అయినా గుర్తులు పోలేదు, మన అమరావతి శిల్పాల్లో రెండూ కనిపిస్తాయి.