భద్రాచలం ఏజెన్సీ పాత కాగితాలు: సిరోంచ కచేరీ నుంచి ఖమ్మం దాకా

కూనవరం దగ్గర మీ ఊరి భూమికి సంబంధించి ఇంట్లో దొరికిన 1941 నాటి దావా కాగితం మీద "గవర్నరు ఏజెంటు కోర్టు, తూర్పు గోదావరి" అని ఎందుకుందని, మీ నాయనమ్మగారు మాత్రం పూర్వీకుల తగాదా "సిరోంచ కచేరీలో" తేలిందని ఎందుకు చెప్పేవారని మీరు అడిగారు. నేను ఇరవై రెండేళ్లుగా భద్రాచలంలో వకీలుగా భూమి కేసులు చూస్తున్నాను. మీ నాయనమ్మగారి మాటను కొట్టిపారేయవద్దని ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడి ముసలివాళ్ల నోటి మాటే చాలాసార్లు నాకు సరైన దారి చూపింది.

గోదావరి ఎడమ గట్టున, ప్రాణహిత కలిసే చోటి నుంచి శబరి కలిసే కూనవరం దాకా ఉన్న నేలను 1860 ఒప్పందం కింద నిజాం ఇంగ్లీషువారికి అప్పగించాడు. మరుసటి ఏడు సెంట్రల్ ప్రావిన్సులు అనే ఇంగ్లీషువారి పాలనా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ నేల అందులో ఎగువ గోదావరి జిల్లాగా చేరింది. దాని ముఖ్య పట్టణం సిరోంచ. ఈనాడు అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, మన కాళేశ్వరానికి ఎదురుగా ఉంది, అక్కడ ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. ఆ జిల్లాలో శిస్తు వసూలు చేసే డిప్యూటీ కమిషనరే తగాదాలు కూడా విచారించి తీర్పు చెప్పేవాడు, కింద తహసీల్దారులూ అంతే. కాబట్టి మీ పూర్వీకుల వివాదం 1860కీ 1874కీ మధ్యదైతే, నది వెంట ఎగువకు ప్రయాణం కట్టి దాన్ని సిరోంచలో తేల్చుకుని ఉండవచ్చు.

అంత అడవి ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక జిల్లా ఎందుకు కట్టారన్నదానికి నా అభిప్రాయంలో జవాబు దుమ్ముగూడెంలో కనిపిస్తుంది. సెంట్రల్ ప్రావిన్సుల పత్తిని పడవల మీద సముద్రం దాకా దింపాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. నదిలో రాళ్లు అడ్డుపడే మూడు చోట్లలో మొదటిదైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. చిన్నప్పుడు మా నాన్నతో వెళ్లి ఆ లాకుల గోడల మీద చేయి ఆనించి చూశాను, చెక్కిన రాయి అంచులు అప్పటికీ పదునుగానే ఉన్నాయి. 1871లో ఆ పనిని వదిలేశారు, 1874లో జిల్లానే రద్దు చేశారు. పడవల దారి పోయాక ఆ జిల్లాను నిలబెట్టే కారణం మిగలలేదని నేననుకుంటాను. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వచ్చాయి. మిగిలిన భాగం చాందా జిల్లాలో కలిసింది. అందులోని నూగూరు, ఆల్బాక, చర్ల ఇరవయ్యో శతాబ్ది మొదటి దశాబ్దంలో మద్రాసుకు చేరాయి. మీ ఊరు రేకపల్లి వైపుది కాబట్టి మీకు లెక్క 1874 నుంచే.

ఈ మార్పు కాగితం మీద జరిగినంత తేలికగా మనుషుల మీద జరగలేదు. సెంట్రల్ ప్రావిన్సుల హయాంలో రేకపల్లిలో పోడు (అడవి కొట్టి చేసే సాగు) చేసుకునే కోయవారు గొడ్డలికి నాలుగు అణాలు కట్టేవారు, అంటే ఒక మనిషి ఒక గొడ్డలితో కొట్టి సాగు చేసుకోగలిగినంత నేలకు అది పన్ను. మద్రాసు ప్రభుత్వం ఆ పన్నును బాగా పెంచి, కొన్ని అడవుల్లో పోడునే నిషేధించింది. 1879 మార్చిలో పక్కనున్న రంప ప్రాంతంలో పితూరీ (తిరుగుబాటు) లేచినప్పుడు అది రేకపల్లికి పాకింది, ఇక్కడ అంబుల్ రెడ్డి దానికి నాయకుడయ్యాడు. రంపలో మన్సబుదారు (ఆ కొండ ఎస్టేటు అధిపతి) వేధింపులు, కల్లు మీద పన్ను ఎంత కారణమో, మైదానపు కోర్టులూ అంత కారణం. కింది నుంచి వచ్చిన షాహుకార్లు అప్పు పత్రాలు రాయించుకుని దావా వేసేవారు, కొండ మీది మనిషికి సమను అందినా అందకపోయినా అతను హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షం మాటే విని ఇచ్చిన తీర్పు వచ్చేది, ఆ డిక్రీ పట్టుకుని వచ్చి పశువులను జప్తు చేసి తోలుకుపోయేవారు. చదువురానివాడికి దూరపు కోర్టు ఎంతటి ఆయుధమవుతుందో ఈ వృత్తిలో ఉన్న నాకు బాగా తెలుసు గనుక, ఆ పితూరీ చరిత్రలో ఈ భాగాన్ని నేను నిదానంగా చదువుతాను.

"ఏజెంటు కోర్టు" పుట్టుక అర్థం కావాలంటే ఈ నేపథ్యం తెలియాలి. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను 1839 నాటి చట్టంతోనే మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా చేసి న్యాయాధికారం అప్పగించారు. 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం కింద ఆ పద్ధతి గోదావరి కొండలకూ వచ్చింది. 1924 ఏజెన్సీ నిబంధనల ప్రకారం దావాలను ఏజెన్సీ మునసబు, డివిజనల్ అధికారి, ఏజెంటు వరుసగా చూసేవారు. 1925లో గోదావరి జిల్లా పేరు తూర్పు గోదావరి అయింది, కాకినాడలోని ఆ జిల్లా కలెక్టరే ఇక్కడికి ఏజెంటు. మీ 1941 కాగితం మీది పేరు అదే. ఈ ఏర్పాటు ఎంత గట్టిగా పాతుకుందంటే, సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో "తూర్పు గోదావరి ఏజెన్సీ" పేరు నేటికీ కనిపిస్తుంది.

ఆ దావా అప్పు విషయమైతే 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టాన్ని చూడండి. కొండజాతి వారి మీద ఏటా నూటికి 24కు మించి వడ్డీకి డిక్రీ ఇవ్వకూడదనీ, చక్రవడ్డీ చెల్లదనీ, ఏజెంటు అనుమతి లేకుండా వారి భూమి ఇతరుల చేతికి పోకూడదనీ అది చెప్పింది. తర్వాత వచ్చిన, ఏజెన్సీ భూముల బదలాయింపు మీది 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌నూ, మన వాళ్లందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనే 1970 సవరణనూ దీని వారసులుగానే చూడాలి.

కొన్నేళ్ల కిందట ఒక కోయ పెద్దాయన వెదురు గొట్టంలో చుట్టి పెట్టిన కాగితం తీసుకుని నా దగ్గరికి వచ్చారు. మడతల దగ్గర చిరిగిన చోట వాళ్లమ్మ అన్నం మెతుకులతో అతికించిందట, ఆ మెతుకు గట్టిపడి అక్షరం మీద పొక్కులా నిలిచింది. తేదీ 1938. నేను ఆ తేదీని పట్టించుకోకుండా, ఇప్పటి జిల్లా ఏదో చూసుకుని ఒక రికార్డు గదికి దరఖాస్తు పెట్టాను. వాళ్లు ఏడు నెలలు తిప్పించి లేదన్నారు. "మా నాయన కాకినాడ పోయొచ్చాడయ్యా, లాంచీ ఎక్కి" అని ఆయన మొదటి రోజే చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. కాకినాడ వైపు వెతికించాక దావా నంబరు దొరికింది. ఆ ఏడు నెలల కాలయాపనలో తప్పు నాదే ఎక్కువ.

అందుకే, ఊరు ఇప్పుడు ఎక్కడుందో కాదు, కాగితం తేదీ నాటికి ఎక్కడుందో చూడండి. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 నవంబరులో ఖమ్మం జిల్లాలో కలిశాయి, అంతకు ముందువి తూర్పు గోదావరి పాత రికార్డుల్లో అడగాలి. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. 2014లో నడుస్తున్న కేసుల కట్టలు రాష్ట్రం దాటినందువల్ల, 1959 తర్వాతి మీ కాగితాలు రెండు రాష్ట్రాల్లో దేనిలోనైనా ఉండవచ్చు.

మరొక్క జాగ్రత్త చెప్పాలి. మీ బంధువుల భూమి నది దాటి వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఉంటే ఈ లెక్క పనికిరాదు. అవి నిజాం రాజ్యంలోనే ఉండిపోయిన గ్రామాలు, వాటికి సేత్వారు, ఖాస్రా పహాణీ అనే హైదరాబాదు వైపు పాత భూమి రికార్డులు వెతకాలి, ఏజెంటు కోర్టు కాగితం ఉండదు. 1959 రెగ్యులేషన్ కూడా అక్కడికి 1963లో గానీ రాలేదు. మీ 1941 కాగితం పైన ఎడమ మూలలో దావా నంబరు, సంవత్సరం ఉంటాయి. అక్షరాలు చెదిరి ఉంటే ఎండ ఏటవాలుగా పడే వేళ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.