చేతితో చుట్టిన సిగార్ నాణ్యతను నాలుక కంటే ముందు వేళ్లు చెబుతాయి

దుబాయిలో ఉండే బావగారు ఖరీదైన సిగార్ల పెట్టె తెచ్చి ఇచ్చారని, వాటిని ఎలా రుచి చూడాలో, ధరకు తగిన నాణ్యత ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పమని మీరు అడిగారు. హనుమకొండలో ఉంటూ తొమ్మిదేళ్లుగా నెలకు ఒకటికి మించకుండా సిగార్ కాలుస్తున్న అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. అయితే ఈ విషయంలో నా అసలు చదువు అంతకు చాలా ముందే, కోరుట్ల దగ్గరి మా ఊరిలో, మా అమ్మ బీడీలు చుట్టే అరుగు మీద మొదలైంది.

అమ్మ రాత్రిపూట తునికాకు తడిపి గోనెపట్టాలో చుట్టి ఉంచేది. తెల్లవారిన తరువాత రేకు పెట్టి కత్తెరతో ఆకును కత్తిరించి, ఒళ్లో చేట పెట్టుకుని, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టేది. కార్ఖానాలో చాటన్, అంటే బీడీలను ఏరి చూసే పని, చేసేవారు కట్టను చేతిలోకి తీసుకుని వేళ్లతో నొక్కి చూసి, మెత్తగా తగిలిన వాటినీ బిగుసుకుపోయిన వాటినీ తీసి పక్కన పడేసేవారు. ఆ బీడీలకు కూలి లెక్క కట్టేవారు కాదు. "ఆకు ఎండితే పగులుతది, తంబాకు ఎక్కువైతే గాలాడది" అని అమ్మ నాకు చెప్పేది. సిగార్‌ను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నేను మొదట చూసేవి ఆ రెండే.

సిగార్ నిర్మాణం కొంత తెలిస్తే తప్ప దాని లోపం ఎక్కడుందో అర్థం కాదు. అందులో మూడు భాగాలుంటాయి: లోపల నింపే పొడవాటి ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకు, అందంగా కనిపించే పై ఆకు. క్యూబాలో వీటిని వరుసగా త్రిపా, కపోతే, కాపా అంటారు. లోపలి ఆకులు కూడా ఒకటే రకం కావు. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలి పెరిగే లిహేరో ఆకు ఘాటుగా ఉండి నెమ్మదిగా కాలుతుంది, నడిమి భాగపు సేకో వాసననిస్తుంది, అడుగున ఉండే వొలాడో నిప్పు ఆరకుండా చూస్తుంది. నెమ్మదిగా కాలే లిహేరోను సరిగ్గా నడిమధ్యలో పెట్టడమే చుట్టేవారి నేర్పు, ఎందుకంటే అది ఒక పక్కకు జరిగితే ఆ పక్క కాలకుండా నిలిచిపోయి రెండో పక్క ముందుకు పరుగెత్తుతుంది. శ్రద్ధగా చేసే చోట ఒక్కో ఆకును సన్నని గొట్టంలా మడిచి గొట్టాలన్నిటినీ కలిపి పట్టుకుంటారు కాబట్టి మధ్యలో గాలికి దారులు మిగులుతాయి. బీడీలకు వెయ్యికి ఇంత అని కూలి లెక్కకడితే, క్యూబాలో నేర్పుగల చేయి రోజంతా చుట్టేది సుమారు వంద సిగార్లే. అక్కడి కర్మాగారాల్లో చుట్టేవారికి ఒకరు కూర్చుని పత్రికలు, నవలలు చదివి వినిపించే ఆచారం 1865 నుంచి ఉందని తెలిసినప్పుడు, రేడియో పెట్టుకుని బీడీలు చుట్టిన మా వాడకట్టు ఆడవాళ్లందరూ నా కళ్ల ముందు మెదిలారు.

మీ పెట్టెలోని సిగార్‌ను ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తల, అంటే నోట్లో పెట్టుకునే కొస, నుంచి నిప్పు పెట్టే కొసదాకా మెల్లగా నొక్కుతూ రండి. అంతటా ఒకే తీరుగా కొద్దిగా లొంగి మళ్లీ పైకి రావాలి. ఒకచోట గుంటలా మెత్తబడితే అక్కడ ఆకు తక్కువైందని, రాయిలా తగిలితే అక్కడ ముడి పడిందని అర్థం. ముడి ఉన్న సిగార్‌లో గాలి ఆడదు, మెత్తని చోట నిప్పు వేడెక్కి చేదు పుడుతుంది. నొక్కినప్పుడు చిటపటమని శబ్దం వస్తే ఆకు ఎండిపోయినట్టే. పై ఆకు మీద ఈనెలు సన్నగా ఉండి, పలుచని నూనె మెరుపు కనిపించాలి. రంగు మాత్రం నాణ్యతకు గుర్తు కాదు, ముదురు రంగు ఉన్నంత మాత్రాన ఘాటుగా ఉంటుందనుకోవడం సరికాదు. చివరగా తలమీది టోపీని చూడండి. రుచిలేని జిగురు చుక్కతో అతికించే ఆ చిన్న ముక్క మడత కనిపించనంత నున్నగా ఉంటే, చుట్టినవారు ఆఖరి క్షణం వరకు శ్రద్ధ పెట్టారని నేను నమ్ముతాను.

మన ప్రాంతంలో ఉన్నవారు నిల్వ విషయంలో మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే నాణ్యమైన సిగార్‌ను కూడా మన ఎండాకాలం పాడు చేయగలదు. ఐదేళ్ల కిందట మే నెలలో ఒక పెట్టెను బీరువాలో ఉంచి పది రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి పై ఆకులు పగిలి ఉన్నాయి, మూడింటికి గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు కూడా పడ్డాయి. ఆకులో ముందే ఉన్న పొగాకు పురుగు గుడ్లు వేడికి పొదిగాయన్నమాట. ఆ రోజు నాకు కలిగిన బాధ డబ్బు పోయినందుకు కాదు, ఎవరో కూర్చుని ఓపికగా చుట్టిన పని నా అజాగ్రత్త వల్ల నాశనమైనందుకు. అప్పటి నుంచి గాలి చొరబడని డబ్బాలో, తేమను 65 నుంచి 70 శాతం మధ్య నిలిపే పొట్లాలు వేసి దాచుతున్నాను. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆ డబ్బాను ఫ్రిజ్ కింది అరలో ఉంచి, కాల్చడానికి ఒకరోజు ముందు సిగార్‌ను బయటికి తీస్తాను. మీ పెట్టె చాలా దూరం ప్రయాణించి వచ్చింది కనుక కనీసం రెండు, మూడు వారాలు దానికి విశ్రాంతి ఇవ్వండి. దేవదారు వాసన వచ్చే చెక్కపెట్టె అయితే పారేయకండి. స్పానిష్ సెడార్ అనే ఆ చెక్క నిజానికి దేవదారు కాదు, మన వేప కుటుంబానికే చెందిన చెట్టు.

కాల్చే రోజున కడుపు నిండా తినండి, ఎందుకంటే ఖాళీ కడుపుతో కాలిస్తే నికోటిన్ వల్ల తల తిరుగుతుంది, చెమటలు పడతాయి. పక్కన నీళ్లు, చిన్న బెల్లం ముక్క పెట్టుకోండి. పదునైన కత్తెరతో టోపీలో సుమారు 2 మిల్లీమీటర్లే కత్తిరించండి, టోపీ గీత దాటితే పై ఆకు మొత్తం విప్పుకుంటుంది. నిప్పు పెట్టకముందు ఒకసారి ఉత్త గాలి పీల్చి చూడండి. నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే పరీక్ష ఇదే. గాలి ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తే లోపల ఆకు తక్కువ, బుగ్గలు లోపలికి పోయేంతగా లాగవలసి వస్తే ఆకు ఎక్కువ. క్యూబాలో ఇప్పుడు పై ఆకు చుట్టకముందే ఈ పరీక్షను యంత్రంతో చేస్తున్నారంటే దానికి ఎంత ప్రాముఖ్యం ఉందో గ్రహించవచ్చు. వెలిగించేటప్పుడు మంటను సిగార్‌కు తాకించకుండా కొద్ది దూరంలో ఉంచి, అంచు అంతా సమానంగా ఎర్రబడే వరకు తిప్పుతూ కాచాలి.

పొగను గుండెల్లోకి తీసుకోకూడదు, నోట్లో నింపుకుని వదలాలి. ఒక పీల్పుకూ మరో పీల్పుకూ మధ్య దాదాపు ఒక నిమిషం ఆగాలి. తొందరపడితే ఎంత మంచి ఆకైనా మాడి చేదెక్కుతుంది, ఆ చేదుకు సిగార్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. రొబుస్తో అనే కొలత, అంటే 124 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు 2 సెంటీమీటర్ల మందం ఉన్నది, ముప్పావు గంట నుంచి గంట వరకు కాలాలి. నిప్పు గీత గుండ్రంగా సాగాలి, కొంచెం వంకర పోయినా ఫరవాలేదు. కానీ మీరు నెమ్మదిగానే పీలుస్తున్నా ఒకే పక్క కాలిపోతూ ఉంటే, లేదా పై ఆకు అలాగే ఉండి మధ్యలో సొరంగంలా కాలితే, తప్పు చాలావరకు చుట్టడంలోనో తేమలోనో ఉంటుంది.

ఇక రుచి. పుస్తకాల్లో తోలు, కోకో, కాఫీ, దేవదారు అని రాస్తారు. మొదట్లో నేనూ ఆ మాటలనే వెతుక్కుని, అవి దొరక్క నా నాలుకనే అనుమానించాను. తరువాత నాకు తెలిసిన వాసనలతోనే రాసుకోవడం మొదలుపెట్టాను. ఒక నికరాగువా సిగార్ మొదటి భాగంలో దంచిన మిరియాల ఘాటు, మధ్యలో పెనం మీద వేయించిన పల్లీల వాసన, చివర్లో ఎండిన ఇప్పపువ్వు తీపి నాకు స్పష్టంగా తెలిశాయి. ఇప్పపువ్వు వాసన ఎరిగినవారికి ఎండుద్రాక్ష అనే పోలిక అవసరం లేదు. నోట్లో ఉన్న పొగలో కొద్దిగా ముక్కు నుంచి మెల్లగా వదిలితే ఈ తేడాలు మరింత బాగా పట్టుబడతాయి, కానీ రెండు, మూడు సార్లకు మించి అలా చేయకండి. మొదలు, మధ్య, చివర అని మూడు భాగాలుగా గమనించి, ఒక్కో భాగానికి రెండు వాక్యాలు రాసుకోండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే రుచితో సాగే సిగార్‌ను నేను చెడ్డదనను, కానీ గొప్పదని కూడా అనలేను.

ధర గురించి అడిగారు కనుక నేను చేసిన ఒక పని చెబుతాను. అమెరికాలో 1992లో మొదలైన సిగార్ అఫిషియనాడో పత్రిక, బ్రాండ్ తెలియకుండా రుచి చూసి 100కు మార్కులు వేస్తుంది. అదే పద్ధతిలో ఒక మిత్రుడితో బ్రాండ్ పేరున్న కాగితపు పట్టీలు తీయించి, రెండు సిగార్లను నెల తేడాతో కాల్చి రాసుకున్నాను. నేను మెచ్చుకున్నది సగం ధర గలది. ఖరీదైన దానికి పై ఆకు అద్దంలా ఉంది, కానీ గాలి ఆడలేదు. అందువల్ల మీ పెట్టెలో నుంచి ఒక్కటి కాల్చి తీర్పు చెప్పకండి. చేతిపని కనుక ఒకదానికీ మరొకదానికీ తేడా ఉంటుంది, మూడింటిని వేర్వేరు రోజుల్లో చూసిన తరువాత నిర్ణయించండి. అది క్యూబా పెట్టె అయితే అడుగున వేడి ముద్రతో "తొతాల్‌మెంతే ఆ మానో" అంటే పూర్తిగా చేతితో చేసినది అన్న మాటలు, పక్కన నెల, సంవత్సరం తెలిపే ముద్ర ఉండాలి. నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. పొగ మింగకపోయినా నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పు ఉంటుంది, ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండవచ్చు. తంబాకు దుమ్ముతో అమ్మ ఏళ్ల తరబడి దగ్గడం చూసినవాడిని కనుక, అలవాటు లేనివారిని మొదలుపెట్టమని నేను చెప్పను. మీకు ఇప్పటివరకు పొగ అలవాటు లేకపోతే ఆ పెట్టెను వాసన చూసి, చేతిపని గమనించి, అలాగే ఉంచుకోవచ్చు. కాల్చాలనే నిర్ణయించుకుంటే పిల్లలు లేని డాబా మీద, సాయంత్రం చల్లబడ్డాక కూర్చోండి. రెండు వేళ్ల వెడల్పు మిగిలి పొగ వేడిగా తగలడం మొదలవగానే దాన్ని నలిపి ఆర్పకుండా పళ్లెంలో పెట్టి వదిలేయండి. నలిపితే ఘాటైన కంపు వస్తుంది, వదిలేస్తే కొద్ది నిమిషాల్లో తనంతట తానే ఆరిపోతుంది.