లంగరు తాడుకు బరువు కడితే పడవ గట్టిగా నిలుస్తుందా?

మామూలు గాలికి కొంత ఉపయోగమే గానీ, గాలి గట్టిగా వీచినప్పుడు తాడుకు కట్టిన బరువు వల్ల లంగరు పట్టు పెద్దగా పెరగదు.

లంగరు కొనలు అడుగు మట్టిలో దిగబడితేనే పడవ ఆగుతుంది. లాగుడు నేలకు సమాంతరంగా ఉంటే అవి ఇంకా లోతుకు దిగుతాయి, పైకి ఉంటే ఊడి వస్తాయి. తాడు మధ్యలో వేలాడే బరువు తాడును కిందికి వంచి ఆ కోణాన్ని తగ్గిస్తుంది, కుదుపులు కూడా కాస్త తగ్గుతాయి. కానీ గాలి పెరిగేకొద్దీ తాడు బిగుసుకుని దాదాపు తిన్నగా అయిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే బరువు చేతులెత్తేస్తుందన్నమాట.

గండికోట జలాశయంలో 6 మీటర్ల లోతున చిన్న పడవ ఆపాలనుకోండి. నీటిపైన పడవ ముందుభాగం ఎత్తు 1 మీటరు కలిపితే 7. లాగుడు నేలకు వీలైనంత సమాంతరంగా ఉండాలంటే దానికి కనీసం ఐదు రెట్లు, అంటే 35 మీటర్ల తాడు వదలాలి. గాలి జోరుగా ఉంటే ఏడు రెట్లు, 49 మీటర్లు. 20 మీటర్లే వదిలి 10 కిలోల బండరాయి కట్టడం దీనికి సాటిరాదు. పైగా గ్రానైట్ రాయైతే నీళ్లలో ఆ 10 కిలోలు సుమారు 6 కిలోలే తూగుతాయి!

బరువెక్కువైతే పట్టూ ఎక్కువేనని చాలామంది పొరపడతారు. ఆ అదనపు కిలోలు ఎలాగూ మోస్తున్నప్పుడు లంగరునే పెద్దది తీసుకోవడం మేలు. ఇరుకు చోట, చిరుగాలికి పడవ మరీ దూరం తిరగకుండా ఉండాలంటే మాత్రం తాడుకు బరువు కట్టుకోవచ్చు.