కూలినాలి ఇళ్లలోని కొత్త రచయితలకు బహుమతి పెట్టాలనుకునేవారికి

నల్లగొండలో మీ మిత్రబృందం శ్రామిక కుటుంబాల నుంచి వచ్చే కొత్త రచయితలకు ఏటా ఒక సాహిత్య బహుమతి ఇవ్వాలని అనుకుంటోందనీ, అలాంటివారిని ఎలా గుర్తించాలో, దానివల్ల వారికి నిజంగా మేలు జరుగుతుందో లేదో చెప్పమనీ అడిగారు. మేలు జరుగుతుంది, ఎందుకంటే నాకు జరిగింది. ఆ మేలు దరఖాస్తు నియమాల దగ్గర మొదలై, సభ ముగిసిన తరువాతి ఏడాదంతా మీరు చేసే పనితో పూర్తవుతుంది. శాలువా, మెమెంటోల పాత్ర అందులో చాలా తక్కువ.

మాది చండూరు వైపు నేత కుటుంబం. అమ్మ ఆసు పోసేది, నాయిన మగ్గం నేసేవాడు, పదో తరగతి తప్పిన నాటి నుంచి నేనూ మజూరీకి కూర్చున్నాను. నా మొదటి కథను చీరల డిజైన్లు గీసుకునే గ్రాఫు కాగితాల వెనుక రాసి, ఆ కాగితాలనే కవరులో పెట్టి ఒక కథల పోటీకి పంపాను. డీటీపీ చేయించిన మూడు ప్రతులు లేనందువల్ల పరిశీలించలేమని జవాబు వచ్చింది. డీటీపీకి అడిగిన డబ్బు నా రెండు రోజుల మజూరీ. మరుసటి ఏడు అదీ చేయించి పంపితే పదిహేను వందల రూపాయల ప్రోత్సాహక బహుమతి వచ్చింది. కథ అచ్చులో చూసుకుంటే మాత్రం ‘నాయిన’ కాస్తా ‘నాన్న’ అయ్యాడు, ‘సద్ది’ ‘చద్దన్నం’ అయింది, ‘ఆసు పోయడం’ అన్నచోట ఎవరో ‘నూలు వడకడం’ అని దిద్దారు. ఆసు పోయడమంటే వడికిన నూలును, రంగు అద్దే ముందు, ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంగా బిగించిన మేకుల దాకా లెక్క తప్పకుండా తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ కదలాలి. అమ్మ భుజం నొప్పి మీద నడిచిన కథ అది, ఆ ఒక్క మాట పోవడంతో నొప్పికి కారణమే లేకుండా పోయింది. అందుకే మీ న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరికి మన జిల్లాల పలుకుబడి, పనుల మాటలు తెలిసి ఉండాలనీ, రచయితను అడగకుండా ఒక్క మాట కూడా దిద్దకూడదనీ గట్టిగా చెబుతున్నాను.

నన్ను నిలబెట్టింది ఆ పోటీ న్యాయనిర్ణేతల్లో ఒకరు. ఫోన్ నంబరు కనుక్కొని, ఏడాదిపాటు ఆదివారాలు నా చేత కథలు చదివించుకొని విన్నారు, ఎక్కడ తేలిపోతోందో చెప్పారు, పత్రికలకు ఎలా పంపాలో నేర్పారు. ఆ ఏడాదిలో నేను మూడు కథలు రాశాను. నాకు దక్కిన బహుమతి అదే అనుకుంటాను.

నియమాల సంగతి కొంచెం వివరంగా రాయాలి. సాహిత్య అకాడమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారానికి 50,000 రూపాయల నగదు ఉంది, అయితే అచ్చయిన పుస్తకం ఉండాలి, వయసు ముప్పై ఐదు దాటకూడదు. దాని ఉద్దేశానికి ఆ నియమాలు తగినవే కావచ్చు, మీ ఉద్దేశానికి తగవు. పిల్లలు చేతికొచ్చి, అప్పు కొంత తీరి, కలం పట్టే తీరిక దొరికేసరికి కూలి మనిషికి నలభై దాటుతుంది, పుస్తకం అచ్చుకయ్యే ఖర్చేమో చాలావరకు కవి జేబులోంచే పోవాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మందిని లోకానికి చూపించారు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది. అచ్చయిన పుస్తకం ఉన్నవారే పంపాలని ఉంటే వారిలో ఎందరు మిగిలేవారు?

కొన్నేళ్లుగా మేం నలుగురం మిత్రులం చిన్న ఎత్తున ఇలాంటి బహుమతి నడుపుతున్నాం. ఒకసారి నారాయణపేట వైపు నుంచి పుణెకు భవన నిర్మాణ పనులకు వలసపోయిన ఒక అక్క తన హాజరీ పుస్తకాన్నే పంపింది. ‘మూడు రోజులు, ఒక సగం పూట’ అన్న లెక్కల మధ్య ఖాళీల్లో నాలుగేసి పంక్తుల కవితలు ఉన్నాయి. అక్షరదోషాలు ఎక్కువని మాలో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆయన మాట నిజమే, కానీ ఆ దోషాలు ఒక మధ్యాహ్నం కూర్చుంటే పోయాయి, కవితలు మాత్రం మాలో ఎవరమూ రాయలేనివి. సభకు వచ్చినందుకు ఆమె కోల్పోయిన రోజుల కూలి, దారి ఖర్చులు బహుమతి డబ్బులో కలపకుండా విడిగా ఇచ్చాం. మీరూ అలాగే ఇవ్వండి.

గుర్తింపు కోసం ఆదాయ ధ్రువపత్రాలు అడగవద్దు. మీరు ఏం పని చేస్తున్నారు, మీ అమ్మానాన్నలు ఏం పని చేశారు అన్న రెండు ప్రశ్నలు చాలు. శ్రామిక ఇంట్లో పుట్టి ఇప్పుడు ఉద్యోగంలో స్థిరపడినవారి కంటే నేటికీ పనిలో ఉన్నవారికి మొదటి చోటు ఇవ్వాలన్నది నా అభిప్రాయం, దీనిపై మా నలుగురిలోనే ఏకాభిప్రాయం లేదు. రుసుము పెట్టవద్దు. చేతిరాత, ఫోనులో టైపు చేసినది, చదివి రికార్డు చేసినది, ఏదైనా తీసుకోండి. ప్రకటనను దినపత్రికల సాహిత్య పేజీలకే పరిమితం చేయకుండా చేనేత సహకార సంఘాల్లో, మిర్యాలగూడ రైసు మిల్లుల హమాలీల దగ్గర, ఆశా కార్యకర్తల సమావేశాల్లో చదివి వినిపించండి. గడువు తేదీని ఉగాదికో దసరాకో వారం తరువాత పెడితే, వలసపోయినవారు పండుగకు ఊరికి వచ్చినప్పుడు తమ కాగితాలను ఎవరి చేతికైనా ఇచ్చి వెళ్లగలుగుతారు.