కొత్త కారు ఉందని పలాస దాకా నడపాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. నేను, మా వారు, పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. ఎనిమిది నెలల కిందట అప్పు మీద పెట్రోలు కారు కొన్నాం. నెలకు 14,500 వాయిదా. వచ్చే మాఘంలో రెండు శుభకార్యాలున్నాయి. మొదటిది విజయవాడలో మా వారి బాబాయి కొడుకు గృహప్రవేశం. రెండోది మా తమ్ముడి పెళ్లి. మా పుట్టిల్లు టెక్కలి, పెళ్లి మాత్రం ఆడపిల్లవారి ఊరు పలాసలో. మా వారు రెండింటికీ కారులోనే వెళ్దామంటున్నారు. వాయిదాలు కడుతూ కారు ఇంట్లో పెట్టి రైలెక్కడం ఏమిటని ఆయన వాదన. ఆయన జీతం 90 వేలు. నాకు లైసెన్సు ఉంది కానీ హైవే మీద ఎప్పుడూ నడపలేదు. అసలు ఎంత దూరం వరకు సొంత కారు గిట్టుబాటు అవుతుంది?

జవాబు: విజయవాడకు కారులో వెళ్లండి. పలాసకు రైలెక్కండి. మీ వారు ఒప్పుకోవాలంటే లెక్క చూపించాలి కాబట్టి ఈ ఉత్తరం ఆయన చేత కూడా చదివించండి.

ముందు ఆ వాయిదా సంగతి. కారు కదిలినా కదలకపోయినా నెలకు 14,500 పోతుంది. పలాస వెళ్లినంత మాత్రాన బ్యాంకు ఒక్క రూపాయి తగ్గించదు. అందుకని వాయిదాను ప్రయాణ ఖర్చులో కలపకూడదు, ప్రయాణానికి కారణంగానూ చూపకూడదు. ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం కూడా అంతే. చూడవలసింది ఒక్కటే: ఈ ప్రయాణం పెట్టుకోకపోతే జేబులో మిగిలే సొమ్ము ఎంత? అది పెట్రోలు, టోలు, టైర్ల అరుగుదల, సర్వీసింగు, దారిలో బస, తిండి. దీన్ని వదిలేసి వాయిదా చుట్టూ తిరిగే ఇళ్లు చాలా చూశాను. కొన్నది వాడుకోకపోతే దండగ అన్న బాధతో ఇంకా ఖర్చు పెట్టి ఆ బాధ తీర్చుకుంటారు.

విజయవాడ లెక్క చూద్దాం. మియాపూర్ నుంచి రానుపోను, ఊళ్లో తిరుగుడుతో కలిపి 600 కిలోమీటర్లు అనుకోండి. కారు అమ్మినవారు లీటరుకు 20 అని చెప్పి ఉంటారు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఆపకుండా ఏసీ ఉంటే 15 అని వేసుకోవడం క్షేమం. అంటే 40 లీటర్లు. లీటరు 108 చొప్పున 4,320 రూపాయలు. 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్‌గేట్లు. రానుపోను సుమారు 600. మియాపూర్ వాళ్లు ఊరు మధ్యలోంచి వెళ్లరు, ఔటర్ రింగు రోడ్డు ఎక్కుతారు కాబట్టి అక్కడ మరో 300. టైర్లు, ఇంజిన్ ఆయిలు, సర్వీసింగు కలిపి కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున 900. మొత్తం 6,120.

అదే ఏసీ బస్సులో మనిషికి 600 చొప్పున నలుగురికి రానుపోను 4,800. రెండు ఊళ్లలో ఆటోలకు, క్యాబ్‌లకు 1,500. మొత్తం 6,300. దాదాపు సమానం. అలాంటప్పుడు మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని బస్సు మెట్లు ఎక్కించడం, దించడం దేనికి? సూర్యాపేట దగ్గర ఆగి ఆవిడ కాళ్లు చాపుకుని టీ తాగి బయల్దేరవచ్చు. అయిదారు గంటల ప్రయాణం. మీరూ మీ వారూ ఇద్దరే వెళ్తుంటే మాత్రం బస్సు ఖర్చు 3,900తో సరిపోతుంది. కారు ఖర్చు 6,120 అలాగే ఉంటుంది. కారుకు ఎన్ని సీట్లు నిండాయన్నదే మొదటి ప్రశ్న. దూరం ఆ తర్వాత.

వెళ్లేటప్పుడు కోదాడలో ట్యాంకు నింపుకోండి. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో లీటరుకు రెండు రూపాయల దాకా ఎక్కువ. ఎంత మిగులుతుందంటారా? నలుగురి టీ ఖర్చు. ఇలాంటి చిన్న పొదుపులు చెప్పినప్పుడు మగవాళ్ల ముఖాల్లో వచ్చే వెలుగు, సెలవు రోజుల విలువ లెక్క వేయమన్నప్పుడు రాదు.

ఇక పలాస. దూరం మూడు రెట్లకు కాస్త తక్కువ. ఖర్చు కూడా మూడు రెట్లే అవుతుందని మీ వారు అనుకుంటూ ఉంటారు. అక్కడే తేడా వస్తుంది. కారు ఖర్చు దూరంతో పాటు సమానంగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక్కరే నడిపేటప్పుడు, ఒక్క పగటిలో హాయిగా చేరగలిగిన దూరం వరకు ఖర్చంటే పెట్రోలు, టోలే. మధ్యలో భోజనం, పిల్లల అవసరాలు, ఊళ్ల దగ్గర ట్రాఫిక్ అన్నీ కలిపి ఎనిమిది గంటలు వేసుకుంటే అది 400 కిలోమీటర్ల చుట్టుపక్కల ఆగుతుంది. వరంగల్, కర్నూలు, భద్రాచలం, విజయవాడ ఇందులోకి వస్తాయి. రాజమహేంద్రవరం అంచున ఉంటుంది. అది దాటితే రాత్రి బస, రెండో రోజు తిండి, రెండో రోజు సెలవు ఒక్కసారిగా మీద పడతాయి. తిరుగు ప్రయాణంలో మళ్లీ అన్నీ పడతాయి.

పలాస ఒక వైపే 800 కిలోమీటర్ల దాకా ఉంటుంది. టెక్కలి, పలాస మధ్య తిరుగుళ్లు కలిపి మొత్తం 1,700 అనుకుందాం. పెట్రోలు 12,240. టోల్‌గేట్లు ఒక వైపు పది దాకా వస్తాయి. విజయవాడ దాటాక పొట్టిపాడు, కలపర్రు, ఈతకోట, కృష్ణవరం, వేంపాడు, విశాఖ దాటాక నాతవలస, మడపం వంటివి. రానుపోను 2,200, ఔటర్‌తో 2,500 వేసుకోండి. అరుగుదల 2,550. వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి లాడ్జిలో ఉండాలి. అత్తగారు, పాప ఉన్నారు కాబట్టి రెండు రాత్రులకు 7,000 అయినా అవుతుంది. దారి భోజనాలు 3,000. మొత్తం 27,290.

రైలు సంగతి చూడండి. సికింద్రాబాద్ నుంచి పలాసకు ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు వెళ్తాయి. ఒక మధ్యాహ్నం తర్వాత ఎక్కితే మర్నాడు పొద్దున దిగుతారు. ఏసీ మూడో తరగతి మనిషికి సుమారు 1,200 చొప్పున నలుగురికి రానుపోను 9,600. మీ పాపకు పదేళ్లు కాబట్టి బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. అత్తగారికి రాయితీ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వయోవృద్ధుల రాయితీని రైల్వే 2020 మార్చిలో ఆపేసింది. మియాపూర్ నుంచి స్టేషనుకు, తిరిగి ఇంటికి క్యాబ్‌కు 1,400. దారి తిండికి 1,600. అక్కడ రెండు రోజులకు ఒక కారు మాట్లాడుకుంటే రోజుకు 2,500 చొప్పున 5,000. మొత్తం 17,600. నిజానికి పెళ్లికి మీ పుట్టింటివారు టెక్కలి నుంచి బస్సో వ్యానో మాట్లాడతారు కాబట్టి ఆ అయిదు వేలు కూడా పూర్తిగా కాకపోవచ్చు.

తేడా దాదాపు 9,700. దీనికి తోడు మీ వారికి అదనంగా రెండు రోజుల సెలవు పోతుంది. 90 వేల జీతానికి రోజుకు 3,000. వాడని సెలవులకు ఆఫీసులో డబ్బు ఇస్తారా లేదా అన్నది ఆయనకే తెలుసు. ఇస్తే మరో 6,000 కలపండి.

ఇక్కడ మీ వారు ఏమంటారో ఊహించగలను. ‘రాత్రి ఎక్కడా ఆగకుండా లాగిస్తే లాడ్జి ఖర్చు ఉండదు కదా?’ నిజమే, 7,000 తగ్గుతుంది. అప్పుడు రైలుకూ కారుకూ తేడా 2,700 మాత్రమే. కానీ దారిలో ఆగే సమయంతో కలిపి పదహారు గంటలు ఒక్కరే నడపాలి. వెళ్లేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తారనుకుందాం. వచ్చేటప్పటి మాటేమిటి? మన పెళ్లి ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. తలంబ్రాలు, ఫోటోలు, భోజనాలు అయ్యేసరికి తెల్లవారుతుంది. పెళ్లికొడుకు బావగారిని ఆ రాత్రి ఎవరు పడుకోనిస్తారు? సామాను మొయ్యడం దగ్గర్నుంచి బస్సు డ్రైవర్‌కు భోజనం పెట్టించడం దాకా అన్నీ ఆయన మీదే పడతాయి. ఆ నిద్రలేని కళ్లతో 800 కిలోమీటర్లు నడిపి 7,000 మిగుల్చుకోవడాన్ని నేను పొదుపు కింద రాయలేను.

మన కారు నడపడానికి రోజువారీ డబ్బుకు వచ్చే యాక్టింగ్ డ్రైవర్‌ను పెట్టుకుందామంటారా? రోజుకు 1,500 చొప్పున అయిదు రోజులకు 7,500. ఆయన తిండి, పడక మీవే. లాడ్జి డబ్బు అటు నుంచి ఇటు మారింది, అంతే. పైగా అయిదుగురు పెద్దవాళ్లంత జనం, పెళ్లి సామానుతో అత్తగారికి కాళ్లు చాపుకునే చోటు కూడా మిగలదు.

ఫాస్టాగ్ వార్షిక పాస్ గురించి మీరు అడగలేదు కానీ మీ వారు ఎత్తుతారు. జాతీయ రహదారుల టోలుకు ఏడాదికి ఒకేసారి కట్టే ఈ పాస్ సొంత కార్లకు 2025 ఆగస్టు 15న మొదలైంది. అప్పటి ధర 3,000. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందయితే అది. టోల్‌గేటు దాటిన ప్రతిసారీ ఒక ట్రిప్పు, వెనక్కి వస్తే మరొకటి. రాష్ట్ర రహదారుల మీద, మన ఔటర్ మీద ఇది చెల్లదు. మీ రెండు ప్రయాణాలూ కారులో చేస్తే జాతీయ రహదారి టోలు 2,800 అవుతుంది కాబట్టి పాస్ దాదాపు సరిపోతుంది. కానీ పాస్ కొన్నాం కదా అని పలాస దాకా నడిపితే అది మళ్లీ ఆ వాయిదా వాదనే. ఏడాదిలో విజయవాడ వైపు నాలుగైదు సార్లు వెళ్లే అలవాటుంటేనే తీసుకోండి. పాస్ లేకపోతే ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకుని బయల్దేరండి. అందులో డబ్బు లేక యూపీఐతో కడితే ఒకటింపావు వంతు పడుతుంది.

ఎలా వెళ్లినా, విజయవాడ వెళ్లే ముందు బీమా కాగితం తీసి ఒక్క విషయం చూడండి. కారు యజమాని తానే నడుపుతుండగా ప్రమాదం జరిగితే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది మీ వారికే. పక్క సీట్లో మీకు, వెనుక సీట్లో అత్తగారికి, పాపకు ఆ బీమా రాదు. ప్రయాణికుల ప్రమాద బీమా అని విడిగా ఉంటుంది, ప్రీమియం కొద్దిపాటిదే. పాలసీలో లేకపోతే చేర్పించుకోండి. హైవే ఎక్కే కుటుంబానికి ఇది కావాలి.

చివరిగా, మీరు రాయకపోయినా వాక్యాల మధ్య వినిపించిన మాట ఒకటుంది. తమ్ముడి పెళ్లికి, కొన్నాక మొదటిసారిగా, సొంత కారులో పుట్టింటి ముందు దిగాలని మీకూ ఉంది. అందులో తప్పేమీ లేదు. దాని ఖరీదు 9,700, రెండు రోజుల సెలవు. ఆ సంతోషానికి అంత పెట్టవచ్చని ఇద్దరికీ అనిపిస్తే పెట్టండి, రెండు రాత్రులూ లాడ్జిలో ఆగే షరతు మీద. లాడ్జి డబ్బు మిగుల్చుకుందామనుకుంటే మాత్రం వద్దు. నా మాటైతే, ఆ తొమ్మిది వేలతో తమ్ముడికి, మరదలికి బట్టలు పెట్టి, పలాస జీడిపప్పు రెండు కిలోలు తెచ్చుకున్నా డబ్బు మిగులుతుంది.

రైలు టికెట్లు మాత్రం ఆలస్యం చేయకండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మాఘంలో ఆ మార్గంలో పెళ్లి జనమే జనం. తెరిచిన రోజే రానుపోను తీసుకోండి, అత్తగారికి కింది బెర్తు అడగండి. కారే అని తేలితే ముందుగా రద్దు చేసుకోవచ్చు, పోయేది కొద్దిపాటి రుసుమే. ఈలోగా విజయవాడ వెళ్లొచ్చాక ట్యాంకులో ఎన్ని లీటర్లు పట్టాయో, ఫాస్టాగ్‌లో ఎంత కోసుకున్నారో రాసిపెట్టండి. లీటరుకు 15 అన్న నా అంకె మీ కారుకు 13 అని తేలితే, పలాస పెట్రోలు ఖర్చుకు మరో 1,900 కలుపుకోండి.