అప్పుడప్పుడూ పేలని రివాల్వర్‌ను కొనవచ్చా?

మీ మామగారి స్నేహితుడు పాత వెబ్లీ (ఇంగ్లండు కంపెనీ) రివాల్వర్ అమ్ముతానంటున్నారు, ఆరింటిలో ఒకటో రెండో తూటాలు పేలవట, కొని బాగుచేయించుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. అచ్చంగా ఇలాంటిదే నేను కొన్నాను.

మాది పల్నాడు. రాత్రిళ్ళు ఒక్కణ్ణే పొలం దగ్గర ఉండాల్సి వస్తుందని లైసెన్సు తీసుకున్నాను. తెలిసిన పెద్దాయన దగ్గర .32 బోర్ వెబ్లీ అండ్ స్కాట్ మార్క్ 4 ఉందన్నారు. బర్మింగ్‌హామ్ ముద్ర చూడగానే మనసు దాని మీదికి పోయింది. అమ్మేవాళ్ళు ముందుగా అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాలి కదా, ఆ రోజుల్లో ఒక్కసారైనా విప్పించి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

2024 మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చింది, అందరిలాగే స్టేషన్‌లో అప్పగించాను. జూన్‌లో ఫలితాలయ్యాక తీసుకుంటే సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) మీద తుప్పు చుక్కలు. ఎన్నికలకు ఆయుధాలు అప్పగించడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ నూనె గుడ్డలో చుట్టి పెట్టే ఏర్పాటైనా ఉండాలి. లక్షలు పోసి కొన్న వస్తువు మూడు నెలలు అలా పడి ఉంటే ఎవరికి బాధ్యత?

దాన్ని పట్టుకుని విజయవాడలో లైసెన్సున్న రిపేరు షాపుకు వెళ్ళాను. అక్కడి ఉస్తాద్ ఇసుక బస్తాల వైపు గురిపెట్టి ఆరూ కాల్చారు. నాలుగు పేలాయి, రెండు టక్కుమని ఊరుకున్నాయి. నేను ముందుకు రాబోతే చేత్తో ఆపేశారు. గొట్టం ఇసుక వైపే ఉంచి ముప్పై లెక్కపెట్టారు. ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుందట. మీరు కూడా ఇది మర్చిపోవద్దు, పేలలేదని వెంటనే తెరవకండి.

తర్వాత ఆరింటినీ బల్ల మీద వరుసగా పెట్టి వాటి అడుగు భాగాలు చూడమన్నారు. పేలిన వాటిలోనూ ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న బిళ్ళ) మీద నొక్కు లోతుగా లేదు. పేలని వాటిలో ఒకదానికి ఆ నొక్కు మధ్యలో కాక పక్కకు పడింది. పిడి చెక్కలు విప్పితే లోపలంతా గోధుమరంగు జిగురు. వేలితో తీసి వాసన చూసి, "కొబ్బరి నూనె బాబూ" అన్నారు. ఆ పెద్దాయన ఏళ్ళ తరబడి తలకు రాసుకునే నూనెనే దీనికీ పూశారన్నమాట! అది ముదిరి గట్టిపడి హ్యామర్‌ను, అంటే తూటా అడుగును కొట్టే సుత్తి భాగాన్ని, పట్టేస్తోంది. దానికి తోడు స్ప్రింగ్ కూడా సడలిపోయింది.

ఆ రెండూ సరిచేయొచ్చు. అసలు భయం పక్కకు పడ్డ ఆ నొక్కు. సిలిండర్‌లో ఒక గది గొట్టానికి సూటిగా వచ్చి నిలవడం లేదని దాని అర్థం. అలా కాలిస్తే గుండు అంచుకు ఒరుసుకుని సీసం ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. మీరు చూస్తున్న దాంట్లోనూ పేలనిది ఎప్పుడూ ఒకే గది అయితే, అనుమానించాల్సింది తూటాను కాదు.

మనవాళ్ళకు ఫారిన్ పీస్ అంటే మోజు. దిగుమతులు ఆగిపోయి దశాబ్దాలు కావడంతో ఎంత అరిగిపోయినదానికైనా ధర పెరుగుతూనే ఉంది. కాన్పూర్‌లో మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే .32 కూడా వెబ్లీ నమూనాదే. 2014లో అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అయితే అర కిలో బరువు, అప్పటి ధర సుమారు 1.22 లక్షలు. కొత్తదైతే భాగం దొరుకుతుంది, అడిగేందుకు మనిషి ఉంటాడు. పైగా మన దగ్గర రివాల్వర్ ఆత్మరక్షణకన్నా పెళ్ళి ఊరేగింపుల్లోనే ఎక్కువ బయటికొస్తోంది. అలా గాల్లోకి కాలిస్తే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇలాంటి అరిగిన వాటిని గుంపు మధ్యలో కాల్చేవాళ్ళను తలుచుకుంటే నాకు వణుకొస్తుంది.

ఆ పెద్దమనిషిని తుపాకీతో సహా లైసెన్సున్న షాపుకు రమ్మనండి. మీ ఎదుటే విప్పించి, ఆరు గదులూ కాల్పించి, తూటాల అడుగులు చూడండి. రానంటే వదిలేయండి, మామగారికి నచ్చకపోయినా సరే.

నాది జిగురు కడిగించి, స్ప్రింగ్ చేత్తో కొత్తది చేయించాను. ఆ ఒక్క గదికి కావాల్సిన భాగం మాత్రం ఇంకా దొరకలేదు. అది దొరికేదాకా ఇంటికి తేనని రివాల్వర్‌ను డీలర్ దగ్గరే డిపాజిట్ చేసి, రసీదు తెచ్చుకున్నాను.